నూటికి ఐదు

మొదటేడు రెండొందల పేజీల కాయితం రాసినం.
తునికాకు ఎట్ల తెంపుతరు, ఎట్ల కడ్తరు, ఎవరు లెక్కబెడ్తరు,
పైసలు ఏ బ్యాంకుల ఎన్నడు పడ్తయి,
అంతా రాసి, బైండింగు చేయించి,
చంద్రపూర్ పంపి ముద్ర ఏయించుకున్నం.
ప్రోగ్రాం వచ్చేసరికి జులై.
ప్రాణహిత ఒడ్డు దాటింది,
అడవిల ఆకు ముదిరి గరుకు పడ్డది.
కంప్యూటరొక్కటే తయారుగ కూసున్నది
పెండ్లయినంక వచ్చిన బాజావాని లెక్క.

ఈ ఏడు నాగపూర్ నుంచి ఘోటేకర్ అనే పిల్లగాడు వచ్చిండు.
సంచిల రంగు చీటీలు, నోట్ల ఏజైల్ అనే మాట.
"ఏడాది పని ఒక్కపారే నెత్తికెత్తుకోవద్దు దాదా,
రెండు వారాలకు ఒక ముక్క.
చెయ్యాలె, చూపెట్టాలె, తప్పయితే మార్చాలె."
నాకు నవ్వొచ్చింది.
సిరొంచల ఆకు తెంపుడే పదిహేను రోజులు బాబూ!
పొద్దుగాల తెంపింది పొద్దుమూకే లోపు కల్లంల చూపెట్టాలె,
డెబ్బై ఆకులకు ఒక్కటి తక్కువైనా
కట్ట విప్పి మల్ల కట్టాలె.

అయినా నిలబడ్డం.
రోజూ తొమ్మిదింటికి, సొసైటీ ఆఫీసు వరండల.
నిన్న ఏం చేసినవ్, ఇయ్యాల ఏం చేస్తవ్, ఏం అడ్డమొచ్చింది.
కోడు రాసే మడావి లాల్సు:
"నిన్న కరెంటు లేదు. ఇయ్యాల ఉంటదో లేదో. అడ్డం, కరెంటు."
టెస్టింగు చూసే స్వరూప:
"మరాఠీల తెరిస్తే మన పేర్లు విరుగుతున్నయి.
బక్కక్క బకక అయితున్నది."
అధ్యక్షుడు రెండో నాడే కుర్చీ తెప్పించుకున్నడు.
ఆ కుర్చీ మూడో వారం మాయమైంది,
ఎవరు తీసిండ్రో నేను చెప్ప.

చీటీలు గోడకు నిలువలే.
మే నెల ఎండకు జిగురు కరిగి, ఫ్యాను గాలికి రాలి
చేసేవి, చేస్తున్నవి, అయినవి
మూడూ ఒక్క కుప్పల కలిసినయి.
స్వరూప ఖాళీ ఆకు బస్తా ఒకటి గోడకు కట్టి
తుమ్మ ముండ్లతోని గుచ్చింది.
గప్పటి సంది పని ఆగలే.

రెండో శుక్రవారం, చూపెట్టే రోజు.
అంకీస కల్లం నుంచి బక్కక్కను పిలిపించినం.
తెర మీద ఆమె కట్టలు: నూట నలభై.
కండ్లు చిన్నగ చేసి చూసింది.
"నూట నలభై ఏడు కట్టిన నేను."
లాల్సు మల్ల లెక్కబెట్టిండు. కోడు సరిగనే ఉన్నది.
"నీ లెక్క తప్పు గాదు బిడ్డా.
నూటికి ఐదు మున్షీ పక్కకు తీస్తడు గద,
చెడిపోయినయని. అడిగేది లేదు.
ఆ ఏడు కట్టలు ఏ గడిల ఉన్నయి?"

ఘోటేకర్ కొత్త చీటీ తీసిండు, పచ్చది.
అధ్యక్షుడు దగ్గిండు.
"వచ్చే రెండు వారాలల్ల చూద్దాం."
వచ్చే రెండు వారాలకు సీజనే లేదు.

ఆ చీటీ మొదటి గడిలనే ఉన్నది.
దాని పక్క నుంచి ఇరవై చీటీలు కుడి దిక్కు పోయినయి:
రసీదు రంగు మార్చుడు,
అక్షరాలు దొడ్డుగ చేసుడు,
అధ్యక్షుని ఫోటో పైకి జరుపుడు.
మార్పును పిలిచి పీటేసేటి పద్ధతి అన్నరు గద దీన్ని.
పీట ఏసినం.
బక్కక్క గడప బయటనే నిలబడి పోయింది.

నిన్న అందరు పోయినంక
బస్తా ముంగల ఒక్కణ్ని నిలబడ్డ.
నిన్న ఏం చేసినవ్?
ముప్పై ఒక్క సీజన్లు, అంకీసల, మున్షీగ.
నూటికి ఐదు.
ఇయ్యాల ఏం చేస్తవ్?
ముల్లు పీకి చీటీని నడిమి గడిల గుచ్చిన.
ఈ పని ఎవరిది అన్నకాడ నా పేరు రాసిన.
అడ్డం ఏంది అన్నకాడ
చానసేపు కలం ఆగింది.
అక్కడ గూడ నా పేరే రాసిన.

పొద్దుగాల తొమ్మిదింటికి అందరొస్తరు.
నిలబడాలె.